మానసిక పునరావాసంలో జంతు సహాయక చికిత్స: కుక్క, గుర్రం, పశుశాల, పెంపుడు జంతువు – ఎవరికి ఏది?

తీవ్రమైన మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్న మనిషికి జంతువుల తోడుతో చికిత్స ఇప్పిద్దామనుకునే కుటుంబాలైనా, తమ కేంద్రంలో అలాంటి కార్యక్రమం పెడదామనుకునే నిర్వాహకులైనా ముందుగా అడిగేది కుక్క మంచిదా, గుర్రం మంచిదా అని. ఆ ప్రశ్నకు జవాబు ఉంది కానీ, అంతకన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటుంది: ఆ మనిషి కోలుకోవడం ప్రస్తుతం ఎక్కడ ఆగిపోయింది? మందులతో లక్షణాలు తగ్గినా ఎవరితోనూ మాట కలపలేకపోతున్నారా, పొద్దున లేచి ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేయలేకపోతున్నారా, లేక చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ ఎవరినీ నమ్మలేకపోతున్నారా? ఈ మూడూ వేర్వేరు అడ్డంకులు. వీటిలో ఏదన్నది తేలితే పద్ధతి తేలుతుంది, పద్ధతి తేలితే జంతువు ఏదన్నది దానంతటదే తేలుతుంది. ఈ వరుసను తలకిందులు చేసి ముందు జంతువును ఎంచుకున్నవాళ్లకు, ఆర్నెల్ల తర్వాత ఏం మారిందో చెప్పడానికి ఏమీ ఉండదు.

ఒకే పేరుతో రెండు సేవలు

ఒక స్వచ్ఛంద కార్యకర్త తన కుక్కను వారానికోసారి వార్డుకు తీసుకొచ్చి, ఇష్టమున్నవాళ్ల దగ్గర కాసేపు కూర్చోబెట్టి తీసుకెళ్లడం ఒక సేవ. సైకాలజిస్టో, ఆక్యుపేషనల్ థెరపిస్టో, సైకియాట్రిక్ సోషల్ వర్కరో ఒక వ్యక్తి కోసం లక్ష్యం రాసుకుని, ఆ లక్ష్యం వైపు నడిపించడానికి జంతువును సెషన్‌లోకి తెచ్చి, ప్రతి సెషన్ తర్వాతా జరిగింది నమోదు చేయడం వేరే సేవ. మనుషులకూ జంతువులకూ మధ్య సంబంధాలపై పనిచేసే సంస్థల అంతర్జాతీయ సమాఖ్య ఐఏహెచ్ఏఐఓ 2014లో ప్రకటించి 2018లో సవరించిన నిర్వచనాల ప్రకారం మొదటిది కార్యకలాపం మాత్రమే, రెండోదే చికిత్స. బయట మాత్రం రెండూ థెరపీ అన్న పేరుతోనే చలామణీ అవుతున్నాయి.

మొదటిదాన్ని తక్కువ చేయనక్కరలేదు. దీర్ఘకాలం వార్డులో ఉండేవాళ్లకు ఆ అరగంట వారమంతటిలోనూ ఎదురుచూసే సమయం కావచ్చు. ఖర్చు తక్కువ, ఏర్పాటు సులువు. అయితే దాని నుంచి ఆశించవలసింది ఆ పూటకు కలిగే ఊరట మాత్రమే. పునరావాసంలో ఒక మెట్టు పైకెక్కించాలన్నది మీ ఉద్దేశమైతే రెండోదే కావాలి. ఏ కేంద్రానికి వెళ్లినా ముందుగా అడగవలసింది కూడా ఇదే: జంతువును పట్టుకుని వచ్చే మనిషి కాకుండా, చికిత్స బాధ్యత తీసుకునే నిపుణులు ఎవరు? ఆ ప్రశ్నకు సూటిగా ఒక పేరు, ఒక అర్హత చెప్పలేని చోట ఎంత మంచి కుక్క ఉన్నా మీరు కొంటున్నది కార్యకలాపాన్నే.

ఆధారాలు ఎంతవరకు చెబుతున్నాయి

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1796లో ఇంగ్లండ్‌లో విలియం ట్యూక్ స్థాపించిన యార్క్ రిట్రీట్‌లో, మానసిక రోగులను గొలుసులతో కట్టేసే కాలంలోనే, ఆవరణల్లో కుందేళ్లనూ కోళ్లనూ పెంచి రోగులను వాటితో మెలగనిచ్చారు. ఆధునిక చికిత్సా రూపానికి పునాది వేసింది అమెరికన్ బాలల సైకాలజిస్టు బోరిస్ లెవిన్సన్. ఎవరితోనూ మాట్లాడని ఒక పిల్లవాడు తన కుక్క జింగిల్స్‌తో కలిసిపోవడం గమనించి, 1960ల తొలినాళ్లలో ఆయన దాని గురించి వ్యాసాలు రాసినప్పుడు తోటి నిపుణులు చాలామంది నవ్వి ఊరుకున్నారు.

ఆ తర్వాత పరిశోధనలు పెరిగాయి కానీ, వాటిని చదివేటప్పుడు కొంత నిదానం అవసరం. 2007లో నైమర్, లండాల్ 49 అధ్యయనాలను కలిపి చూసి, భావోద్వేగ స్థితి, ప్రవర్తన వంటి అంశాల్లో ఒక మోస్తరు మేలు కనిపిస్తోందని తేల్చారు. అయితే ఈ రంగంలోని అధ్యయనాలు చాలావరకు చిన్నవి. ఎదురుగా కుక్క ఉందో లేదో రోగికి తెలియకుండా ఉంచడం అసాధ్యం కనుక, మందుల పరీక్షల్లో వాడే జాగ్రత్తలు ఇక్కడ కుదరవు. కొత్తదనం వల్ల వచ్చిన ఉత్సాహాన్ని చికిత్స వల్ల వచ్చిన మార్పు నుంచి విడదీయడం కష్టం. మేలు ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నకు మరీ బలహీనమైన జవాబులే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా ఉపయోగకరంగా కనిపించేది 1998లో బార్కర్, డాసన్ ప్రచురించిన అధ్యయనం. ఆసుపత్రిలో ఉన్న 230 మంది మానసిక రోగులకు ఒక కుక్క సెషన్, ఒక మామూలు వినోద కార్యక్రమ సెషన్ ఇచ్చి, ముందూ తర్వాతా ఆందోళనను కొలిచారు. వినోద కార్యక్రమం తర్వాత ఆందోళన తగ్గింది కుంగుబాటు వంటి మూడ్ జబ్బులున్నవాళ్లలో మాత్రమే. కుక్క సెషన్ తర్వాత సైకోసిస్ (వాస్తవికతతో సంబంధం తెగిపోయే స్థితి) ఉన్నవాళ్లలో కూడా తగ్గింది. కానీ రెండు పద్ధతులనూ నేరుగా పోల్చినప్పుడు వాటి మధ్య గణనీయమైన తేడా తేలలేదు. అంటే కుంగుబాటుతో ఉన్న మనిషికి మంచి వినోద కార్యక్రమమో, నడకో, తోటపనో ఇప్పటికే అందుబాటులో ఉంటే, జంతువు లేనంత మాత్రాన కోల్పోయేది పెద్దగా లేకపోవచ్చు. మాటలతో నడిచే బృంద కార్యక్రమాల్లో ఇమడలేని మనిషి విషయంలోనే జంతువు ప్రత్యేకత బయటపడే అవకాశం ఎక్కువ.

ఏ పద్ధతి ఎంచుకున్నా అది మందులకూ, కౌన్సెలింగ్‌కూ తోడుగానే ఉండాలి. మందులు మానేసి రావచ్చని చెప్పే చోటు నుంచి వెంటనే లేచి వచ్చేయడం మంచిది.

కుక్క: మాట కలపడం కష్టమైనవాళ్లకు

ఎక్కువ కేంద్రాలు కుక్కతో మొదలుపెట్టడానికి సౌలభ్యం ఒక కారణమైతే, కుక్క మనిషి ముఖాన్నీ గొంతునూ చదవడంలో మిగతా జంతువులకన్నా ఎంతో ముందుండడం అంతకన్నా ముఖ్యమైన కారణం. ఒక సెషన్‌ను దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. స్కిజోఫ్రీనియాలో భ్రాంతులు తగ్గిన తర్వాత కూడా మాట సన్నగిల్లి, ముఖంలో కదలిక తగ్గి, తనంతట తాను ఏదీ మొదలుపెట్టని మనిషి ఉన్నారనుకుందాం. థెరపిస్టు ఆయనకు ఇచ్చే పని కుక్కను కూర్చోమని చెప్పడం మాత్రమే. ఆయన నేలవైపు చూస్తూ గొణిగితే కుక్క కదలదు. తనను తెచ్చి అదుపులో ఉంచే హ్యాండ్లర్ వైపు చూస్తుంది. థెరపిస్టు ఏమీ అనరు. రెండోసారి ఆయన తల కాస్త ఎత్తి, గొంతు పెంచి చెబితే కుక్క కూర్చుంటుంది. గొంతు వినపడేలా మాట్లాడండి, కళ్లలోకి చూడండి అని మనుషులు ఎన్నోసార్లు చెప్పినప్పుడు తప్పుపట్టినట్టు అనిపించిన మాటే, ఇక్కడ తప్పుపట్టడం లేకుండా అందుతుంది. ఆ తర్వాత బ్రష్‌తో దువ్వడం, నీళ్ల గిన్నె నింపడం, పక్కనున్న మరో వ్యక్తికి బ్రష్ అందించి ఎక్కడ దువ్వాలో చెప్పడం. చివరి పనే అసలు లక్ష్యం: కుక్క గురించి మొదలైన మాట మనిషితో మాటగా మారాలి. ఎవరూ అడగకుండా ఆయన ఎన్నిసార్లు మాట్లాడారన్నది థెరపిస్టు నమోదు చేసుకుంటారు. ఆ అంకె వారాలు గడిచేకొద్దీ పెరగకపోయినా, కుక్క లేని చోట మారకపోయినా, పద్ధతి మార్చాలి.

కుంగుబాటులో ఉన్నవాళ్లకూ, మత్తు అలవాటు నుంచి బయటపడుతూ బృంద చికిత్సలో నోరు విప్పనివాళ్లకూ, కౌమారంలో ఉండి పెద్దవాళ్లంటేనే విసుగు చూపేవాళ్లకూ కుక్కతో మొదలుపెట్టడం సాధారణంగా సరైన ఎంపిక. గది చాలు, ప్రయాణం అక్కర్లేదు, రోగి అలసిపోతే సెషన్‌ను పది నిమిషాలకే ముగించవచ్చు.

కుక్కను అంచనా వేసేటప్పుడు జాతిని బట్టి కాకుండా స్వభావం, శిక్షణ, వయసు చూడాలి. ఏడాది నిండని కుక్కపిల్లను తెచ్చే కేంద్రాన్ని నమ్మకూడదు. పెట్ పార్ట్‌నర్స్ వంటి నమోదు సంస్థలు కుక్కనూ హ్యాండ్లర్‌నూ ఒక జట్టుగా పరీక్షించి, రెండేళ్లకోసారి ఆ పరీక్షను మళ్లీ పెడతాయి. పచ్చిమాంసం తినే జంతువులను అనుమతించవు, ఎందుకంటే వాటి నోటిలోనూ మలంలోనూ సాల్మొనెల్లా వంటి క్రిములు ఉండే అవకాశం ఎక్కువ. మీరు చూడబోయే కేంద్రం ఏ సంస్థలోనూ నమోదు కాకపోయినా, ఇదే స్థాయి నియమాలు రాసిపెట్టుకుని ఉండాలి.

ఇంకొక విషయం చాలామంది పట్టించుకోరు. కుక్క మాటిమాటికీ పెదవులు నాకుతున్నా, నిద్ర రాకపోయినా ఆవలిస్తున్నా, తల పక్కకు తిప్పుకుంటున్నా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తున్నా అది ఒత్తిడిలో ఉన్నట్టు. అప్పుడు హ్యాండ్లర్ ఏం చేస్తారో గమనించండి. కుక్కను లేపి బయటికి తీసుకెళ్లే మనిషి దగ్గర రోగులు క్షేమంగా ఉంటారు. ఫరవాలేదు, నిమరండి అని ప్రోత్సహించే మనిషి దగ్గర ఏదో ఒకరోజు కాటు తప్పదు. పైగా, ఇబ్బందిగా ఉన్నప్పుడు వద్దని చెప్పే హక్కు కుక్కకు కూడా ఉందని చూడడం, హద్దులు చెప్పుకోలేక దెబ్బతిన్న మనుషులకు చికిత్సలో భాగమే.

గుర్రం: నమ్మకం, ఉద్వేగం అసలు సమస్య అయినప్పుడు

గుర్రంతో చేసే మానసిక చికిత్స అంటే స్వారీ అనుకుంటారు. నడిచే గుర్రం వీపు కదలికను ఆసరాగా చేసుకుని కండరాలనూ సమతుల్యతనూ మెరుగుపరిచే హిప్పోథెరపీ వేరు. అది శరీర పునరావాసానికి సంబంధించింది. మానసిక పునరావాసంలో ఎక్కువ పని నేలమీదే జరుగుతుంది. 1999లో ఏర్పడిన ఈగాలా అనే సంస్థ రూపొందించిన పద్ధతిలో అసలు స్వారీయే ఉండదు; ప్రతి సెషన్‌లోనూ ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు, ఒక గుర్రాల నిపుణుడు ఇద్దరూ ఉండి తీరాలి. ఈ రెండో షరతు ఏ కేంద్రానికైనా వర్తింపజేయవలసినదే. నాలుగైదు వందల కిలోల జంతువు పక్కన రోగిని నిలబెట్టి, ఇద్దరినీ ఒక్కరే కనిపెట్టుకుని ఉండడం జరగని పని.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. అందుకే చుట్టుపక్కల ఏ శరీరం బిగుసుకున్నా పసిగడుతుంది. తల్లడిల్లుతున్న మనిషి తాడు పట్టుకుని నేరుగా, గబగబా దాని తలవైపు వెళితే అది ఒక అడుగు వెనక్కి వేస్తుంది, చెవులు వెనక్కి వాల్చుతుంది. అదే మనిషి ఆగి, ఊపిరి వదిలి, భుజం పక్క నుంచి నెమ్మదిగా వస్తే మెడ వంచి తాడు వేయించుకుంటుంది. లోపలి ఉద్వేగానికి బయటినుంచి ఇంత వెంటనే, ఇంత పెద్దగా జవాబిచ్చే జంతువులు అరుదు. హింసకో ప్రమాదానికో గురై, ఆ దెబ్బ మనసును వదలకుండా వెంటాడే పీటీఎస్‌డీతో బాధపడుతున్నవాళ్లకు, కోపం అదుపులో లేనివాళ్లకు, మాటల చికిత్సలో తెలివిగా తప్పించుకోవడం నేర్చినవాళ్లకు గుర్రం సరిపోవడానికి ఇదే కారణం.

అయితే ఎదురుగా ఉన్న లెక్కలు కూడా చూడాలి. 2014లో గుర్రాల ఆధారిత చికిత్సలపై వచ్చిన ఒక సమీక్ష 14 అధ్యయనాలను పరిశీలించి, వాటన్నిటిలోనూ పద్ధతిపరమైన తీవ్ర లోపాలున్నాయని, ఈ చికిత్స పనిచేస్తుందని గట్టిగా చెప్పడానికి అవి చాలవని తేల్చింది. ఖర్చులో ఇది అన్నిటికన్నా పైన ఉంటుంది, ప్రయాణం తప్పదు, వానాకాలంలో సెషన్లు తప్పిపోతాయి. కూర్చుని లేచేటప్పుడు రక్తపోటు పడిపోయి తల తిరిగే మందులు, మగత కలిగించే మందులు వాడుతున్నవాళ్లు గుర్రం పక్కన నిలబడేముందు వైద్యుణ్ణి అడిగి తీరాలి. నా మటుకు నేను, కుక్కతో కొన్నాళ్లు పనిచేసి ఆగిపోయిన చోట గుర్రం వైపు వెళ్లమంటాను తప్ప, దానితో మొదలుపెట్టమనను. ఇందుకు ఒక మినహాయింపు ఉంది: కుక్క కాటుతోనో, కుక్కలతో ముడిపడిన భయంతోనో ఉన్న మనిషి.

పశుశాల: రోజు గాడిలో పడాలనుకున్నప్పుడు

చాలాకాలం ఆసుపత్రిలోనో ఇంట్లో ఒక మూలో గడిపిన మనిషికి లేనిది ఆప్యాయత ఒక్కటే కాదు. తన అవసరం ఉన్న పని. ఆవుకు మేత వేయాలి, దూడకు పాలు పట్టాలి, పాక శుభ్రం చేయాలి. చేయకపోతే సాయంత్రానికి అది కంటికి కనిపిస్తుంది. నార్వే, నెదర్లాండ్స్ దేశాల్లో మామూలు వ్యవసాయ క్షేత్రాలే మానసిక రోగులను పగటిపూట పనిలోకి తీసుకునే ఏర్పాటు స్థిరపడింది. నార్వేలో బెర్గెట్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో 90 మంది మానసిక రోగుల్లో 60 మంది పన్నెండు వారాలపాటు, వారానికి రెండుసార్లు, ప్రతిసారీ మూడు గంటలు పశువుల దగ్గర పనిచేశారు. కార్యక్రమం నడుస్తున్నంతసేపూ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అది ముగిసిన ఆరు నెలల తర్వాత కొలిచినప్పుడు మాత్రం, ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకం వాళ్లలో పెరిగింది. జీవన నాణ్యతలో మాత్రం మార్పు లేదు.

ఈ ఫలితం ఎంపికకు బాగా పనికొస్తుంది. పశుశాలకు పంపితే నెల రోజుల్లో ఫలితం అడగకూడదు. మూడు నెలలు నిలకడగా వెళ్లగలిగే మనిషికే ఇది. లక్షణాలు ఇంకా ఎగుడుదిగుడుగా ఉన్న తొలిదశలో ఇది భారం అవుతుంది. ఉద్యోగం వైపు మళ్లే ముందు, నిద్ర వేళలు, సమయపాలన, ఒంటి బలం, పైవాళ్ల మాట వినడం వంటివి అలవాటు కావడానికి దీనికన్నా మంచి మెట్టు తక్కువ. కాకపోతే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, చికిత్స పేరుతో జీతం లేని కూలిపని చేయించుకోవడం. పని గంటలు, విశ్రాంతి, వద్దనుకుంటే ఆగిపోయే హక్కు రాతపూర్వకంగా లేకపోతే ఒప్పుకోవద్దు. రెండోది మందులకు సంబంధించింది. మూడ్ జబ్బులకు ఇచ్చే లిథియం వాడేవాళ్లు ఎండలో చెమటలు కక్కుతూ నీళ్లు తాగకపోతే రక్తంలో లిథియం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. క్లోర్‌ప్రోమజైన్ వంటి మందులు వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది. సైకోసిస్‌ను అదుపుచేసే యాంటీసైకోటిక్ మందులు చాలావాటితో ఒంటి వేడి సర్దుకునే శక్తి తగ్గుతుంది. అందువల్ల పని పొద్దున్నే పెట్టుకోవడం, నీడ, మంచినీళ్లు ఉండడం ముందే మాట్లాడుకోవాలి.

చిన్న జంతువులు, చేపలు, మర

పిల్లి ఇంట్లో ఎంతో ఊరటనిచ్చినా ఆసుపత్రి సందర్శనలకు సరిపడదు. అమెరికాలోని ఆసుపత్రి అంటువ్యాధుల నిపుణుల సంఘం షియా 2015లో ఇచ్చిన సూచనల్లో సందర్శనకు కుక్కలను మాత్రమే అనుమతించి, నమ్మకంగా శిక్షణ ఇవ్వలేమన్న కారణంతో పిల్లులను వద్దంది. కుందేళ్లు, గినీ పందులు పిల్లల విభాగాల్లో, చేతుల్లోకి తీసుకునేవాళ్లు నెమ్మదస్తులైనప్పుడు బాగుంటాయి. పక్షుల నుంచి సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు సోకే అవకాశం ఉన్నందువల్ల, గాలి సరిగా ఆడని గదుల్లో పంజరాలు పెట్టకపోవడమే మంచిది.

చేపల తొట్టెను చాలామంది అలంకారంగా కొట్టిపారేస్తారు గానీ, మతిమరుపు జబ్బు ముదిరిన వృద్ధులుండే విభాగాలకు అది మంచి ఎంపిక. 2002లో ఎడ్వర్డ్స్, బెక్ 62 మంది అల్జీమర్స్ రోగులున్న భోజనశాలల్లో అక్వేరియంలు పెట్టి చూస్తే, వాళ్లు మునుపటికన్నా ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. ముట్టుకోవలసిన పని లేదు, అలర్జీ లేదు, కరవదు.

డాల్ఫిన్లతో ఈత కొట్టించే కార్యక్రమాల గురించి ఎక్కువ రాయనక్కరలేదు. అడవి స్వభావం పోని జంతువును చెరలో ఉంచి చేసే పని అది. ఖర్చుకు తగిన ఆధారాలు లేవు. పళ్ల గాట్లు, దెబ్బలు తగిలిన సందర్భాలున్నాయి. వద్దు.

జంతువు అసలే కుదరని చోట్ల మర ఒకటుంది. జపాన్ శాస్త్రజ్ఞుడు తకనోరి షిబాటా 1993లో మొదలుపెట్టి రూపొందించిన పారో అనే సీల్ పిల్ల బొమ్మ, నిమిరితే కళ్లు తిప్పుతుంది, గొంతుకు స్పందిస్తుంది. కుక్కనో పిల్లినో పోలిన బొమ్మ అయితే అసలు జంతువుతో పోల్చుకుని నిరాశపడతారని, ఎవరికీ దగ్గరి పరిచయం లేని సీల్‌ను ఎంచుకున్నారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్లో చిరాకు, తిరుగాడే అలజడి తగ్గించడానికి దీన్ని వాడతారు. వాస్తవికతతో తెగతెంపులైన సైకోసిస్ ఉన్నవాళ్లకు మాత్రం ప్రాణమున్నట్టు కదిలే బొమ్మను ఇచ్చేముందు వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి.

ఇంట్లో పెంచుకోవడమా, శిక్షణ పొందిన సేవా కుక్కా?

సెషన్ల వల్ల మేలు జరిగిందని తెలియగానే కుటుంబాలు తొందరపడేది ఇక్కడే: అయితే ఇంట్లోనే ఒక కుక్కను తెచ్చేద్దాం అని. పెంపుడు కుక్క చికిత్స కాదు, బాధ్యత. దాన్ని నడిపించడానికి రోజూ రెండుసార్లు బయటికి వెళ్లవలసి రావడం కోలుకుంటున్న మనిషికి ఎంతో మేలు చేయవచ్చు. జబ్బు తిరగబెట్టి మంచం దిగలేని వారంలో అదే అపరాధభావంగా మారవచ్చు. ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే కుక్కను చూసుకునేది ఎవరన్నది ముందే తేలాలి. కుక్కను వదలలేక ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేసేవాళ్లు ఉంటారు. నాలుగు నెలలు తన పనులు తాను చేసుకుంటూ, మందులు వేళకు వేసుకుంటూ ఉన్న తర్వాతే ఈ ఆలోచన చేయడం క్షేమం. అంతవరకూ తెలిసినవాళ్ల కుక్కను రోజూ నడిపించే ఏర్పాటుతో సరిపెట్టుకోవచ్చు.

సేవా కుక్క వేరు. పీడకలలో ఉన్న మనిషిని లేపడం, భయం ముంచుకొచ్చినప్పుడు ఒళ్లోకి వాలి బరువు మోపడం, మందు వేళకు గుర్తుచేయడం వంటి నిర్దిష్టమైన పనులకు దానికి నెలల తరబడి శిక్షణ ఇస్తారు. తోడుగా ఉంటే చాలనుకునే కుక్కకు ఆ శిక్షణ ఉండదు. అమెరికా చట్టాల్లో కూడా ఆ తేడా ఉంది, అందుకే 2021 నుంచి అక్కడి విమానయాన నిబంధనలు కేవలం మానసిక తోడుగా ఉండే జంతువులను సేవా జంతువులుగా లెక్కించడం లేదు. రెండింటినీ పోల్చడానికి అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో కొందరికి సేవా కుక్కలను, కొందరికి తోడు కుక్కలను ఇచ్చి చూసింది. రోజువారీ సామర్థ్యంలోనూ జీవన నాణ్యతలోనూ రెండు గుంపుల మధ్య తేడా తేలలేదు. పీటీఎస్‌డీ లక్షణాలు మాత్రం సేవా కుక్కలున్నవాళ్లలో కొంత ఎక్కువగా తగ్గాయి. అందువల్ల ఆ కుక్క చేయవలసిన పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే సేవా కుక్క కోసం ప్రయత్నించాలి. బహిరంగ ప్రదేశాల్లో దాని ప్రవేశ హక్కులు దేశాన్ని బట్టి మారతాయి కనుక, మీ చోట చట్టం ఏమంటుందో ముందే చూసుకోవాలి.

ఎవరిని ఆపాలి, ఏం అడగాలి

ఉద్రేకం తీవ్రంగా ఉన్న దశలో, అంటే మేనియా (ఉత్సాహమూ చురుకుదనమూ అదుపు తప్పే స్థితి) పూర్తిస్థాయిలో ఉన్నప్పుడో, దాడి చేసే అవకాశం ఉన్నప్పుడో, జంతువులే భ్రమల్లో భాగమై ఉన్నప్పుడో ఏ రూపంలోనూ ఇది వద్దు. గతంలో జంతువులను హింసించిన చరిత్ర ఉంటే థెరపిస్టుకు ముందే తెలియాలి. దాచడం వల్ల నష్టపోయేది నోరులేని జీవి. క్లోజపైన్ అనే యాంటీసైకోటిక్ మందు వాడుతున్నవాళ్లలో తెల్లరక్తకణాలు తగ్గే ప్రమాదం ఉంటుంది కనుక, గీతలు, కాట్లు, కుక్క నాకడం వంటివాటి విషయంలో మామూలుకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇటీవలి రక్తపరీక్ష సరిగా ఉంటేనే సెషన్‌కు వెళ్లాలి. ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లు ఒకే గదిలో ఇతర రోగులుగా ఉన్నా లెక్కలోకి వస్తారు. జంతువంటే ఇష్టం లేదన్న మనిషి కారణం చెప్పనక్కరలేదు, ఒప్పించే ప్రయత్నమూ చేయకూడదు.

కేంద్రాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు కరపత్రాలు పక్కన పెట్టి కొన్ని విషయాలు నేరుగా అడగండి. రేబిస్ టీకా, నులిపురుగుల మందు వివరాలు చూపించగలరా? కుక్క రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తుంది? రెండు గంటలు దాటుతుందంటే జంతువును అరగదీస్తున్నారని అర్థం. సెషన్‌కు ముందూ తర్వాతా చేతులు కడిగించే ఏర్పాటుందా? కుక్కకు ఒంట్లో బాగోలేని రోజున సెషన్‌లో ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి నేను సగం నిర్ణయం తీసుకుంటాను. సెషన్ రద్దు అన్నారంటే వాళ్ల దగ్గర ఉన్నది కుక్క మాత్రమే. ఆ రోజు అదే లక్ష్యం కోసం వేరే పని చేయిస్తామని వివరించగలిగితే వాళ్ల దగ్గర చికిత్స ఉంది.

మొదటి ఒప్పందం ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు మించకుండా చూసుకోండి. పశుశాల అయితే మూడు నెలలు, ఆపైన కొన్ని నెలలకు మరోసారి అంచనా. లక్ష్యం ఒకటో రెండో చాలు: వారానికి ఎన్నిసార్లు గది దాటి వచ్చారు, బృందంలో ఎన్నిసార్లు మాట్లాడారు, పొద్దున ఎన్నింటికి లేచారు. ఇంట్లోవాళ్లు కూడా అదే పట్టిక విడిగా రాసుకుంటే, జంతువు ఎదుట కనిపించే మార్పు ఇంటిదాకా వస్తోందో లేదో తేలుతుంది. చివరి సెషన్ తేదీ రోగికి కనీసం మూడు వారాల ముందే చెప్పాలి, ఎందుకంటే అలవాటైన జంతువు హఠాత్తుగా రాకుండాపోవడం, గతంలో మనుషులను పోగొట్టుకున్నవాళ్లను మళ్లీ అక్కడికే నెట్టగలదు. కుక్క ముసలిదై విరమించినా, చనిపోయినా దాచిపెట్టకుండా రోగులకు చెప్పే పద్ధతి ఆ కేంద్రంలో ఉందో లేదో కూడా చేరేముందే కనుక్కోండి.